జమ్మలమడుగు దారిలో ఒక కత్తి పిడి

ప్రొద్దుటూరులో రెండు రోజులు బంగారం అంగళ్లతో, కారం దోసెలతో, ఎండతో గడిచిపోయాయి. రాయాల్సింది మాత్రం జమ్మలమడుగు దారి పక్కన ఉన్న ఒక రేకుల పాక గురించి.

పాక ముందు పాత లారీ కమాను పట్టీల కుప్ప. లోపల బ్రహ్మంగారి పటం, దానికి ఎండిపోయిన బంతిపూల దండ. పటం కింద కొలిమి. కొలిమి నడిపే ఆచారికి అరవై దాటి ఉంటాయి. తోలుతిత్తి మూలన పడి ఉంది, దాని పనిని కరెంటు ఫ్యాను చేస్తోంది.

"తిత్తి ఊదేకి మనిషి యాడ దొరుకుతాడు సారూ?" అన్నాడాయన, అడగకముందే.

ఆ పొద్దు పని అరటి గెలలు కోసే కత్తులు. పులివెందుల తోటల నుంచి వచ్చిన బేరం. సినిమాలు చూసి సీమలో కత్తి అంటే వేటకొడవలేనని అనుకునేవాళ్లు ఈ పాకలో ఒక గంట కూర్చుంటే చాలు. వచ్చినవాళ్లలో ఒకరికి కొడవలికి కక్కు పెట్టాలి, ఇంకొకరికి గొడ్డలి సాగదీయాలి, ఒకావిడ కత్తిపీటకు పదును కావాలి.

నేనడిగింది కూరగాయల కత్తి, కాస్త నగిషీ పిడితో. ఆయన నవ్వి, "కత్తి గంట పని, పిడి దినం పని" అన్నాడు.

నిజమే. కమాను పట్టీ ముక్కను తుమ్మబొగ్గుల్లో కాల్చి డాకలి మీద పెట్టాడు. ఆయన పట్టకారుతో పట్టుకుని చిన్న సుత్తితో ఎక్కడ తాకితే, అల్లుడి సమ్మెట సరిగ్గా అక్కడే పడింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఆకారం వచ్చాక మళ్లీ కాల్చి, మోదుగపువ్వు రంగు తేలగానే నూనె డబ్బాలో ముంచాడు. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగులుతుందట. అప్పటికి కత్తి గాజులా పెళుసు. అందుకని రాతి మీద రుద్ది తెల్లబరిచి, కత్తి వీపును కాలిన ఇనుప దిమ్మెకు ఆనించాడు. లేత పసుపు రంగు పాకుతూ అంచు దాకా రాగానే చటుక్కున తీసేశాడు. థర్మామీటరు లేదు, కన్నే కొలత.

పిడికి ఎర్రచందనం దొరుకుతుందా అని నోరు జారాను. ఆయన చూపుకే సిగ్గేసింది. చింత చేవ తీశాడు, ముదురు గోధుమరంగుది. కత్తి తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దించుతుంటే పొగతో పాటు టప్పుమని శబ్దం. పిడి నిలువునా చీలింది. "కర్ర పచ్చిది" అని పక్కన పారేసి, మరో ముక్క అందుకున్నాడు. ఈసారి ముందు సన్నగా తొలిచి, లక్క నింపి దించాడు. పిడి మొదలు దగ్గర ఇత్తడి పొన్ను బిగించాడు. ఆకురాయితో మూడు గాళ్లు, చిన్న ఉలితో ఒక తామరమొగ్గ. ఆ మొగ్గకే రెండు గంటలు పట్టింది.

మధ్యాహ్నం గండికోట చూసొచ్చాను. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఇక్కడే. ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించారనీ, గండికోట గుడిలో ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదనీ టావెర్నియే రాశాడు. ఇక మన కాలంలో, ఈ జమ్మలమడుగు చుట్టుపక్కలే ఉక్కు కర్మాగారానికి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ఆచారి దగ్గర ఆ మాటెత్తితే కమాను పట్టీల కుప్ప వైపు చూపించి, "మన ఉక్కు లారీల మీద వస్తాది సారూ" అన్నాడు.

మర్నాడు పులివెందులలో అరటి, చీనీ తోటలు చూశాను. ఒక తోటలో కూలీలు గెలలు దించుతున్నారు. వాళ్ల చేతుల్లోని కత్తుల పిడులకు గాళ్లూ లేవు, మొగ్గలూ లేవు, చెమట పట్టి నున్నబడ్డాయంతే. నా కత్తి బ్యాగులో ఉంది, బయటికి తీయబుద్ధి కాలేదు.

కత్తికి ఆచారి అడిగిన డబ్బులు ప్రొద్దుటూరులో ఒక పూట భోజనానికీ బస్సు చార్జీకీ సరిపోయేవి అంతే. బేరమాడలేదు. వెళ్లేవాళ్లు పొద్దున పదిలోపే వెళ్లండి. ఆ తర్వాత ఆ రేకుల కింద మీరు నిలబడలేరు, ఆయనా నిలబడడు.