నీళ్లు లేకున్నా దారి ఉంటది



ఇంకొన్ని రోజుల్లో మృగశిర కార్తె. హాస్టళ్లు తెరవకముందు చేపలకని, చుట్టాల పెళ్లిళ్లకని, ఊరికే సరదాకని మనోళ్లు పడవలేసుకుని ఏటి మీదికి పోయే రోజులు ఇవే. పోయినేడు ఇదే రోజుల్లో మేము కూడా పోయాం. ఆరుగురం పోయి ఆరుగురం తిరిగొచ్చాం. ఒక్క పడవ పొదలో చిక్కకపోయి ఉంటే ఐదుగురమే వచ్చేవాళ్లం. ఏడాది పాటు ఈ సంగతి ఎక్కడా రాయలేదు. తప్పంతా మాదే కాబట్టి సిగ్గనిపించింది. ఈసారి వానలకు ముందే రాయాలని ఆరుగురం కూర్చుని అనుకున్నాం. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

మావి శబరి ఒడ్డు ఊళ్లు. కూనవరం వైపు చుట్టాలింట్లో పెళ్లి. రోడ్డు మీద ఆటో ఎక్కితే పూటలో చేరిపోతాం. కానీ అందరం సెలవులకు వచ్చి ఉన్నాం, రెండు నాటు పడవలు ఉన్నాయి, ఏరు నెమ్మదిగా ఉంది. దారిలో ఒక రాత్రి ఒడ్డున పడుకుని, చేపలు పట్టుకుని, తెల్లారి పోదామనుకున్నాం. మాలో చిన్నోడు, మా చిన్నమ్మ కొడుకు, ఇంటర్ అయిపోయి హాస్టల్ నుంచి వచ్చినోడు. పెళ్లి నుంచి అటే భద్రాచలం పోయి డిగ్రీ అప్లికేషన్ పెట్టాలని సర్టిఫికెట్లన్నీ బ్యాగులో వేసుకుని బయల్దేరాడు.

సాయంత్రానికి ఒక వాగు శబరిలో కలిసే చోటు చేరాం. వాగు పూర్తిగా ఎండిపోయి ఉంది. నోటి దగ్గర తెల్లటి మెత్తటి ఇసుక, రెండు పక్కలా గట్టు, గాలి కొట్టదు, రాళ్లు లేవు. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాం. పడవలు ఇసుక మీదికి లాగి, గెడలు పాతి, వాటికే కట్టేశాం. వాగు పక్కన మద్ది చెట్టు కొమ్మ ఒకటి తల ఎత్తున వంగి ఉంది. దానికి తడి తువ్వాళ్లు ఆరేశాం. ఆ కొమ్మల సందుల్లో ఎండిన గడ్డి, పుల్లలు, చిరిగిన గోనెసంచి ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. పొయ్యి రాజేయడానికి పనికొస్తాయని అవన్నీ పీకేశాం. బాగా మండాయి కూడా.

పశువులు తోలుకుపోతున్న తాత ఒకాయన గట్టు మీద ఆగాడు.

"ఏందిరా అయ్యా, వాగు నోట్లో పక్కేస్తున్నరు? గట్టెక్కుండ్రి."

"వాగులో చుక్క నీళ్లు లేవు కదా తాతా," అన్నాం.

"నీళ్లు లేకుంటేంది, దారి ఉన్నది గదా," అన్నాడు.

సరే తాతా అన్నాం. ఆయన పోయాక నవ్వుకున్నాం, కదల్లేదు. అప్పటికే కూర పొయ్యి మీద ఉంది.

చీకటి పడ్డాక తూర్పున కొండల మీద మెరుపులు మొదలయ్యాయి. చాలా దూరం, ఉరుము కూడా వినపడలేదు. మా మీద చుక్కలు కనపడుతున్నాయి. ఆ మెరుపుల్ని వీడియో తీసి స్టేటస్ పెట్టుకుందామనుకున్నాం, సిగ్నల్ లేదు. తిని పడుకున్నాం.

నడిరాత్రి దాటాక మాలో ఒకడు ఒంటేలుకు లేచాడు. దూరంగా లారీ ఘాటీ ఎక్కుతున్నట్టు శబ్దం. లారీయే అనుకుని మళ్లీ పడుకోబోయాడు. చెప్పుల కోసం చెయ్యి పెడితే చెప్పు తేలుతోంది. వాడు కేక వేసేసరికి చీలమండల దాకా నీళ్లు. మేము లేచి నిలబడేసరికి పిక్కల దాకా. ఒక్కొక్కరం గట్టు పట్టుకునేసరికి మోకాళ్లు దాటాయి. మామూలు నీళ్లు కాదు. ఆకులు, వెదురు బొంగులు, కొమ్మలు అన్నీ కలిసి కాళ్లకు కొట్టుకుంటూ వచ్చాయి. చుక్క వాన పడలేదు మా మీద. పైన చుక్కలు అలాగే ఉన్నాయి.

ఆరుగురం గట్టెక్కాం. టార్చి వేసి లెక్కపెడుతుంటే చిన్నోడు "నా బ్యాగు" అని మళ్లీ దిగాడు. మూడడుగులు వేసుంటాడేమో. నడుము లోతు కూడా లేదు, కాళ్లు తేలిపోయాయి. ఒక్కసారి చెయ్యి కనపడింది, తర్వాత లేదు. వాడి అన్న దూకబోతే ముగ్గురం కలిసి అదిమి పట్టుకున్నాం. తాడు విసురుదామంటే మా దగ్గరున్న మోకు ఒకటే, అది పడవకు కట్టి ఉంది. పడవతో పాటే పోయింది.

వాణ్ని కాపాడింది మేము కాదు. మా రెండో పడవ బోర్లాపడి శబరిలోకి కొట్టుకుపోయి, కింద ఒడ్డున పొదల్లో చిక్కుకుంది. వీడు పోయి పోయి దానికి తగిలాడు, పట్టుకున్నాడు. మా అరుపులు విని గుడిసెలోంచి ఆ తాతే వల తాడు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. నీళ్లలోకి ఆయన దిగలేదు. ఒడ్డున ఒక చెట్టుకు ఒరుగుకుని తాడు విసిరాడు. రెండుసార్లు తప్పింది, మూడోసారి అందింది. అందరం కలిసి లాగాం. పైకి వచ్చినోడు వణుకుతూ సర్టిఫికెట్లు, సర్టిఫికెట్లు అని ఏడ్చాడు. తాత వాడి తల తుడుస్తూ, "కాయితం మళ్లొస్తది బిడ్డా. నువ్వొస్తవా?" అన్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తెల్లారి చూస్తే వాగులో మళ్లీ పాదం తడిసేంత నీళ్లే. మేము పడుకున్న ఇసుక లేదు. మద్ది కొమ్మలకు కొత్త చెత్త పట్టుకుని ఉంది, మా తలల ఎత్తులో. అప్పుడు తెలిసింది, ముందురోజు మేము పొయ్యిలో పెట్టింది ఏంటో. ఎన్నో ఏళ్లుగా వాగు వచ్చి ఇక్కడిదాకా నాది అని పెట్టిపోయిన గుర్తు అది. దాన్ని కాల్చి కూర వండుకున్నాం.

మాకు ఈత రాక కాదు, పడవ తెలియక కాదు. ఆరుగురికీ వచ్చు. ఆ ధీమాయే మమ్మల్ని అక్కడ పడుకోబెట్టింది. ఎవరైనా అడిగితే మేము ఏటి పిల్లలం అంటాం. నిజం చెప్పుకోవాలంటే మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరిగాం. వానాకాలం నాలుగు నెలలూ మనం ఊళ్లో ఉండం. ఏరు కోపంగా ఉన్నప్పుడు మనం తరగతి గదిలో ఉంటాం, సెలవులకు వచ్చేసరికి అది ఎండి ఉంటది. ఎండిన ఏటితోనే మనకు స్నేహం. చదువుకోవడం తప్పని అనట్లేదు. చదువుకుంటూ ఇది పోగొట్టుకున్నామని ఒప్పుకోవాలి, పెద్దల్ని కూర్చోబెట్టి అడిగి నేర్చుకోవాలి.

ఆ తర్వాత మేము తాతల్ని అడిగి, కొంత చదివి తెలుసుకున్నది ఇది. మన వైపు నీళ్లు మూడు రకాలుగా వస్తాయి.

మొదటిది కొండ వాన. వాన మన మీద పడక్కర్లేదు. ఎగువ కొండల్లో గంటసేపు దంచి కొడితే చాలు, రాళ్ల మీద పడ్డ నీళ్లు ఇంకవు, అన్నీ ఒకే వాగులోకి దిగుతాయి. సాయంత్రం పడ్డ వాన రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు చేరుతుంది. దీనికి పెద్దలు చెప్పే గుర్తులున్నాయి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారడం, నురగ, ఆకులు, పుల్లలు రావడం, ఎగువ నుంచి హోరు. ఇందులో ఏ ఒక్కటి కనపడినా మిగతా వాటి కోసం చూడొద్దు, లేచి పైకి పోవాలి.

రెండోది గేటు నీళ్లు. ఇక్కడ తాతల గుర్తులు పనిచేయవు. జలాశయంలో నిలబడి తేరుకున్న నీళ్లు ఎర్రగా ఉండవు, ఆకులు ఉండవు, ఆకాశంలో మబ్బు కూడా ఉండదు. తేటగా వచ్చి పెరిగిపోతాయి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో జరిగింది ఇదే. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు పోయిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండీ జిల్లాలో నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. అది మనకు దూరం అనుకోవద్దు. సీలేరు మీద బలిమెల, డొంకరాయి జలాశయాలున్నాయి. మోతుగూడెం దగ్గర కరెంటు తయారవుతుంది. ఆ సీలేరు శబరిలో కలుస్తుంది. ఎండాకాలంలో డెల్టా పంటకు పోయే నీళ్లు కూడా ఈ దారినే పోతాయి. అందుకే డ్యాం కింద ఏ ఏట్లోనైనా ఎండాకాలం అని ధీమాగా ఉండొద్దు.

మూడోది ఎగపోటు. గోదావరి పొంగితే శబరి నీళ్లు పోవడానికి దారిలేక వెనక్కి ఎగదన్నుతాయి. ఇది నెమ్మదిగా వస్తుంది, కానీ కింది నుంచి వస్తుంది. పైకి చూస్తూ కూర్చున్నోడి వెనక దారి మునిగిపోతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఆ 2022 మనందరికీ గుర్తుంది, కొండల మీద బరకాలు కట్టుకుని గడిపిన ఇళ్లు మనలో ఎన్నో. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఆ వైపు పడవ వేయడం, ఒడ్డున పడుకోవడం మానేయాలి.

ఇప్పుడు మేము పాటించేవి చెప్తాం.

వాగు నోట్లో, ఏటి మధ్య ఇసుక తిప్ప మీద పడుకోం, ఎండి ఉన్నా సరే. వెలుగు ఉండగానే చెట్ల కొమ్మల్లో చెత్త ఎంత ఎత్తులో చిక్కి ఉందో, మొద్దుల మీద బురద చార ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి పైనే పక్క వేస్తాం. అక్కడి నుంచి ఇంకా పైకి పోయే దారి ఒకటి వెలుగులోనే నడిచి చూసుకుంటాం.

పడవను ఇసుకలో పాతిన గెడకు కట్టం. పైకి లాగి బతికున్న చెట్టుకు కడతాం. ఇంకొక తాడు మనుషుల కోసం విడిగా మన దగ్గరే ఉంటది, దాని కొసకు మూత బిగించిన ఖాళీ క్యాన్ కట్టి. విసరడానికి బరువు, పట్టుకోవడానికి తేలేది.

నీళ్ల అంచున ఒక పుల్ల పాతుతాం. వంతులవారీగా ఒకరు మేలుకుని చూస్తారు. పుల్ల మొదలు మునిగితే ఎందుకు, ఏమిటి అని మాట్లాడుకోం. అందరం లేస్తాం.

ఎక్కాక దిగం. ఫోన్, బ్యాగు, వల, పడవ, ఏది పోయినా సరే. మోకాలి లోతే కదా అనిపిస్తుంది. జోరుగా పారే నీళ్లు ఆ లోతులోనే మనిషిని పడేస్తాయి. రెండడుగులు పారితే బండినే తోసేస్తాయి.

పొరపాటున పడితే, పారే నీళ్లలో నిలబడాలని చూడొద్దు, కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీళ్లు మీద నుంచి తొక్కేస్తాయి. వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువ వైపు పెట్టి, కొంచెం కొంచెంగా ఒడ్డు వైపు ఏటవాలుగా జరగాలి. ఒడ్డున ఉన్నోళ్లు దూకొద్దు. తాడు నడుముకు కట్టుకుని దిగొద్దు. తాత చేసినట్టు ఒరుగు చూసుకుని విసరాలి.

ఇంకో మాట. మారేడుమిల్లి వైపు, పాపికొండల వైపు మనలో చాలామంది టూరిస్టులకు గైడ్లుగా, వంటకు, పడవల మీద పనికి పోతున్నాం. ఇసుక మీద టెంట్ వేసుకోవచ్చా తమ్ముడూ అని వాళ్లు మనల్నే అడుగుతారు. స్థానికుడివి, నీకు తెలుసని వాళ్ల నమ్మకం. కూలి పోతుందని మొహమాటపడి ఊఁ అనొద్దు. వద్దు అని చెప్పడం కూడా మన పనిలో భాగమే.

చివరగా అడిగేది ఒక్కటే. ఎగువ ఊళ్ల వాళ్లూ దిగువ ఊళ్ల వాళ్లూ ఈ గ్రూపులోనే ఉన్నారు. కొండల్లో గట్టిగా వాన పడితే, వాగు ఎర్రగా తిరిగితే, ఎగువోళ్లు దిగువోళ్లకు ఫోన్ చేయాలి. మెసేజ్ కాదు, ఫోన్. మన దగ్గర సగం ఊళ్లకు సరిగ్గా సిగ్నల్ రాదు, మెసేజ్ తెల్లారి చేరుతుంది. ఒకరు ఎత్తకపోతే పక్క ఊరోళ్లకు చేయండి. ప్రాణాపాయం అయితే 112కి. ఈ వారంలో ప్రతి ఊరి నుంచి ఒకరు మీ ఊరి పెద్దల్ని అడిగి, ఏ వాగు ఏ చెట్టు దాకా వచ్చింది, ఏ గట్టు ఎప్పుడూ మునగలేదు అని కింద రాయండి.

మా ఊరిది మేము ముందు రాస్తున్నాం. తాత చెప్పింది చిన్నోడే రాసుకొచ్చాడు. వాడు ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోయింది. మార్కుల మెమో డూప్లికేట్ తీసుకున్నాం, కుల సర్టిఫికెట్ మళ్లీ వచ్చింది.

జై ఆదివాసీ.