గ్రామీణ బ్యాంకు ఉద్యోగంలో ఎదుగుదల: జీతం, పరీక్ష, బదిలీ

స్థానికుల పొదుపును సేకరించి స్థానిక అవసరాలకే రుణంగా అందించే సంస్థల్లో తెలుగు పల్లెలకు బాగా పరిచయమైనవి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు. 1975 అక్టోబరు 2న దేశంలో ఐదు బ్యాంకులతో ఆరంభమై 1976 నాటి చట్టంతో స్థిరపడిన ఈ వ్యవస్థలో కేంద్ర ప్రభుత్వానికి 50 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతం, ప్రాయోజక బ్యాంకుకు, అంటే దీనికి అండగా నిలిచే వాణిజ్య బ్యాంకుకు, 35 శాతం వాటా ఉంటుంది. ఇందులో గుమాస్తాగా చేరిన వ్యక్తి ఆర్థిక స్థితిని నెల జీతం కన్నా, ఏ నిర్ణయాన్ని ఏ వయసులో తీసుకున్నారన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

జస్టిస్ ఎస్. ఓబుల్ రెడ్డి నేతృత్వంలోని జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునల్ 1990లో ఇచ్చిన తీర్పు, ఈ సిబ్బందికి 1987 సెప్టెంబరు 1 నుంచి ప్రాయోజక బ్యాంకు ఉద్యోగులతో సమానమైన వేతనాలను కల్పించింది. పింఛను విషయంలో మాత్రం ఆ సమానత 2018 దాకా రాలేదు. ఆ తీర్పు తర్వాతి సంవత్సరాల్లో ఉద్యోగంలో చేరిన ఈ వ్యాసకర్త, పింఛను వస్తుందన్న ఆశపై ఆధారపడక, పీపీఎఫ్ అనే ప్రజా భవిష్యనిధి ఖాతాను తెరిచి, ప్రతి నెలా 5వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వపైనే అందులో వడ్డీ లెక్కిస్తారు కనుక, ఏటా ఏప్రిల్ తొలి రోజుల్లోనే సొమ్ము జమచేయడాన్ని నియమంగా పెట్టుకోవడం జరిగింది. పింఛను వచ్చాక కూడా ఆ ఖాతా కొనసాగింది.

అంతకన్నా లాభించినది చదువుపై పెట్టిన ఖర్చు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ నిర్వహించే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షల్లో ఉత్తీర్ణులైనవారికి అదనపు ఇంక్రిమెంట్లు, అంటే మూలవేతనంలో శాశ్వతమైన పెరుగుదల, లభిస్తాయి. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం మూలవేతనాన్ని బట్టే లెక్కకు వస్తాయి కనుక, పాతికేళ్లకు ఈ పరీక్షలు పూర్తిచేసినవారికి దక్కే మొత్తానికీ నలభై ఐదేళ్లకు పూర్తిచేసినవారికి దక్కే మొత్తానికీ పొంతన ఉండదు. పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు వంటి బాధ్యతలు చుట్టుముట్టక ముందే పుస్తకాలు కొని కూర్చోవడం ఈ ఉద్యోగంలో దొరికే అత్యుత్తమ పెట్టుబడి అని చెప్పడానికి వ్యాసకర్తకు సంకోచం లేదు.

పదోన్నతికి సర్టిఫికెట్లు తలుపు తెరిస్తే, శాఖను నడపడానికి ఊరి పరిజ్ఞానం కావాలి. సాధారణ రుణంలో బకాయి 90 రోజులు దాటితే అది నిరర్థక ఆస్తి, అంటే రాబడి ఆగిపోయిన రుణం, అవుతుంది. స్వల్పకాలిక పంటల రుణానికి మాత్రం రెండు పంట కాలాల గడువు ఉంటుంది. వేరుశనగ ఎప్పుడు ఇంటికి చేరుతుందో, మిర్చి సొమ్ము రైతు చేతికి ఎప్పుడు అందుతుందో ఎరిగిన మేనేజరు వసూలుకు సరైన వారంలో వెళతారు. ఎరుగనివారు నోటీసులు పంపుతూ ఉంటారు. 1992లో నాబార్డు, అంటే జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు, 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ఆరంభించిన, స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే అనుసంధానం తెలుగు నేలపై వేళ్లూనుకోవడానికి కూడా, సంఘం పుస్తకాలను ఓపికగా చదివి, సభ్యురాళ్లను పేరుపేరునా ఎరిగిన ఇలాంటి సిబ్బందే ఒక ముఖ్య కారణం. ఈ అనుభవాన్ని గౌరవించని పదోన్నతి విధానం ఏదైనా బ్యాంకుకే నష్టం చేస్తుంది.

పదోన్నతితో పాటు వచ్చే బదిలీని కుటుంబ బడ్జెట్‌లో ముందే లెక్కించుకోవాలి. రెండు చోట్ల కాపురం, పిల్లల బడి మార్పు, జీవిత భాగస్వామి ఉద్యోగం వదులుకోవడం వంటివి తొలి సంవత్సరాల జీతపు పెంపును మింగివేయగలవు. అయినా మిగిలిన సర్వీసు ఎక్కువగా ఉన్నవారికి ఆ లోటు క్రమంగా పూడుతుందన్న అంచనాతోనే వ్యాసకర్త పదోన్నతిని అంగీకరించి, వెళ్లే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చును విడిగా పొదుపు ఖాతాలో ఉంచడం జరిగింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా విలీనమయ్యాక బ్యాంకు పరిధి శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా విస్తరించింది కనుక, ఇప్పుడు చేరే యువ ఉద్యోగులు ఆ నిధిని మరింత పెద్దదిగా, పదోన్నతి పరీక్షకు దరఖాస్తు పెట్టకముందే సిద్ధం చేసుకోవాలి.