మందునే ఏమార్చే కణం

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో మన్రో అనే ఊరు. అక్కడి కాన్వెంటులో ఉండే సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సిస్ రొమ్ము క్యాన్సర్‌తో 1970లో కన్నుమూశారు. ఆమె ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని డాక్టర్లు తీసి, డెట్రాయిట్‌లోని మిచిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌కు పంపారు. హెర్బర్ట్ సూల్ అనే శాస్త్రవేత్త అందులోని కణాల్ని ప్రయోగశాలలో పెంచారు. రొమ్ము క్యాన్సర్ కణాల్ని శరీరం బయట బతికించడమే గగనమైన రోజులవి. ఇవి బతికాయి! 1973లో వాటి వివరాలు వెలువడ్డాయి. పేరు ఎంసీఎఫ్-7. ఆ మూడు అక్షరాలూ సంస్థవి, ఏడేమో... ఏడో ప్రయత్నమని. సిస్టర్ పోయి యాభై ఏళ్లు దాటినా ఆమె కణాలు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి.

ఆ కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంది. ఈస్ట్రోజెన్ హార్మోను వచ్చి దాన్ని అంటుకుంటే, పెరగమన్న కబురు కణానికి అందుతుంది. టామాక్సిఫెన్ బిళ్ల ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు! ఈ బిళ్ల కణాల పెరుగుదలను ఆపుతుందని 1975లో ఈ సిస్టర్ కణాల మీదే చూపించారు. ఆ బిళ్లతో లక్షలమంది తల్లులు ఏళ్లకేళ్లు హాయిగా బతికారు.

కానీ కొందరికి జబ్బు తిరగబెడుతుంది. ఇక ఇంట్లో ఆరాలు మొదలు. బిళ్ల ఏ పూటైనా మర్చిపోయిందా, పథ్యం తప్పిందా, ఆ పెళ్లికెళ్లి అలిసిపోయిందా... రోగికి జబ్బుకన్నా ఈ మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. బిళ్ల వేళకు వేసుకోవాల్సిందే, సందేహం లేదు. అయితే ఒక్కరోజూ తప్పనివారికీ ఇలా జరుగుతుంది.

ఎందుకంటే మారేది కణం. ఈ రిసెప్టర్ 595 అమైనో ఆమ్లాల్ని పూసల్లా గుచ్చిన దండ. అందులో 537వ పూస టైరోసిన్. జన్యువులో చిన్న తేడా వస్తే దాని బదులు సెరిన్ చేరుతుంది. మారింది ఒక్క పూసే! దాంతో ప్రొటీన్ ఆకారం తిరిగిపోయి, హార్మోను రాకున్నా వచ్చినట్టే పనిచేస్తుంది. టామాక్సిఫెన్ పట్టు సడలుతుంది. ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గించే లెట్రోజోల్ లాంటి మందులిచ్చినా, హార్మోను అక్కర్లేని కణానికి లెక్కేముంది? మిగతా కణాలు మందుకు అణిగిపోతే, ఇలాంటివి నాలుగు మిగిలి సంతతిని పెంచుకుంటాయి. ఇతర భాగాలకు పాకిన క్యాన్సర్లో ఇలాంటి మార్పులు తరచుగా ఉంటున్నాయని 2013లో రెండు పరిశోధక బృందాలు చూపాయి. మందులు మొదలుపెట్టక ముందు తీసిన కణితుల్లో అవి చాలా అరుదు.

దారి ఇదొక్కటే కాదు. కీమోథెరపీ మందు లోపలికి రాగానే బయటికి తోడిపోసే పి-గ్లైకోప్రొటీన్ గురించి 1976లోనే తెలిసింది. దాన్ని ఆపే మందులేవీ ఆశించినంత ఫలితమివ్వలేదు.

రిసెప్టర్ విషయంలో కథ కాస్త ముందుకెళ్లింది. రిసెప్టర్‌నే నాశనం చేసే ఎలాసెస్ట్రాంట్ బిళ్లకు 2023 జనవరిలో అమెరికా అనుమతి దొరికింది. అది అందరికీ ఇచ్చేది కాదు. ఆ పూస మారిందో లేదో ముందు చూడాలి. అందుకు కొంచెం రక్తం చాలు, కణితి వదిలిన డీఎన్‌ఏ ముక్కలు అందులోనే తిరుగుతుంటాయి. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు నాలుగేళ్ల కిందటి రిపోర్టు పట్టుకుని కూర్చోకుండా, మళ్లీ పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగొచ్చు.