వైతికుప్పం ఉత్తరాలు

వైతికుప్పం, గురువారం

అమ్మా,

క్షేమంగా చేరాను. దారిలో తిన్నాను, కాస్త నిద్ర పట్టింది, బీపీ మాత్ర వేసుకున్నాను. నువ్వు అడగబోయేవన్నీ అయిపోయాయి కాబట్టి ఇక నా కబుర్లు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఆఫీసు మెసేజీలు వరసకడతాయి. ఒకదానికి జవాబిస్తే మరో నాలుగు. అందుకే దాన్ని సూట్‌కేసులో చీరల కింద పెట్టేశాను. రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి తీస్తాను, ఏమైనా ఉంటే అప్పుడు చెయ్యి.

చెన్నైలో దిగి ఈస్ట్ కోస్ట్ రోడ్డు బస్సు ఎక్కాను. పుదుచ్చేరి పాలన కింద ఉన్న మన యానాం వాళ్లకి పుదుచ్చేరి అంటే సెక్రటేరియట్టు, ఫైళ్లు, సంతకాలు. వందల కిలోమీటర్ల దూరం వచ్చి, పని కాగానే రాత్రి బండికి వెనక్కి. నాన్నగారు అన్నిసార్లు వచ్చారు కదా, ఒక్కనాడైనా సముద్రం దగ్గర కూర్చున్నానని చెప్పారా?

పుదుచ్చేరి బీచ్ రోడ్డు దాటి ఉత్తరానికి వస్తే ఈ చేపలవాళ్ల పేట, వైతికుప్పం. ఒడ్డు అంటే ఇసుక అనుకోకు, నల్లటి బండరాళ్లు. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బరు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారట. దక్షిణం నుంచి ఉత్తరానికి ఏటా కదిలే ఇసుక ఆ గోడల దగ్గరే ఆగిపోయింది. ఇటువైపు కొత్త ఇసుక రాలేదు, ఉన్నదాన్ని కెరటాలు పట్టుకుపోయాయి. ఇళ్లైనా దక్కాలని రాళ్లు పోశారు. ఈమధ్య సెక్రటేరియట్టు ఎదురుగా నీళ్లలో కృత్రిమ దిబ్బ వేశాక ఆ పక్కన కొంత ఇసుక తిరిగొచ్చింది. మాసిమగం పండగ నాడు మైలం మురుగన్‌తో సహా చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లంతా తీర్థవారికి, అంటే సముద్ర స్నానానికి, ఈ వైతికుప్పం ఒడ్డుకే వస్తారు. 2004 డిసెంబరు 26న, మనం ఇంకా క్రిస్మస్ పిండివంటలు తింటుండగానే, ఈ తీరమంతటా సునామీ వచ్చింది. ఇక్కడివాళ్లు ఆ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

పొద్దున్నే ఒక తాతని చూశాను. గోడ నీడలో కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించి బిగదీసి, ప్లాస్టిక్ సూదితో చినిగిన చోట అల్లుతున్నాడు. కన్ను తర్వాత కన్ను. నా నీడ వల మీద పడితే తలెత్తకుండానే చేత్తో పక్కకి జరగమన్నాడు. జరిగాను. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ సూదికి రిపోర్టు పంపే గడువంటూ ఏమీ లేదు. అలాగని అతనికి తొందర లేదనీ కాదు, సాయంత్రం పడవకి ఆ వల కావాలి.

నీ చిట్టి

ఆదివారం

అమ్మా,

పూజకి వెళ్లావా అని అడుగుతావని ముందే చెబుతున్నాను, వెళ్లాను. మిషన్ వీధిలో సంబా కోవిల్ అంటారే, అమలోద్భవ మాత కెథెడ్రల్, అక్కడికి. తమిళంలో పూజ. ఆమెన్, అల్లెలూయ తప్ప నాకు సగం పైగా తెలియలేదు. అయినా ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో కాళ్లకి తెలుసు. యానాంలో సెయింట్ ఆన్స్ గుడిలో నీ కొంగు పట్టుకుని నేర్చుకున్నదే కదా. 1846లో కట్టిన ఆ గుడికీ ఈ గుడికీ భాష వేరు గానీ పూజ నడక ఒకటే. మామ్మ కాలంలో అయితే పూజంతా లాటిన్లో. ఫాదరుగారు పీఠం వైపు తిరిగి చెప్పుకుంటూ పోతుంటే ఆవిడ బెంచీలో జపమాల తిప్పుకునేది. అర్థం కాకుండా ఏం ప్రార్థన అని కాలేజీ రోజుల్లో ఆవిడతో వాదించాను, గుర్తుందా?

ఈ రోజు ఆవిడ పక్కన కూర్చున్నట్టే ఉంది. నా ఉద్యోగమంతా అర్థం చేసుకోవడమే. ఎవరు ఏం అడిగారు, ఎందుకు అడిగారు, దాని వెనక ఏముంది, జవాబు ఎప్పటిలోగా. ప్రార్థన కూడా అలాగే చేస్తున్నానని ఇక్కడే తెలిసింది. రాత్రి పదకొండింటికి కళ్లు మూసుకుని దేవుడికి కూడా పనుల జాబితా పంపిస్తున్నాను, ఇది చెయ్యి, అది చూడు, శుక్రవారం లోపల తేల్చు. ఈ గుడిలో నేను అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదు, నడిపించాల్సింది అంతకంటే లేదు. నేను రాకపోయినా ఈ పూజ జరిగేది. ఆ మాట తట్టగానే భుజాలు కిందికి దిగాయి. పక్కనున్న ఆవిడ నా వైపు తిరిగి చేతులు జోడించి శాంతి సమాధానాలు చెప్పింది. నేనూ జోడించాను. అంతే, ఇంకేం జరగలేదు. కన్నీళ్లూ దర్శనాలూ కావాలంటే నీ చెల్లెల్ని అడుగు, ఆవిడ ప్రార్థన కూటంలో వారానికొకటి.

మార్కు సువార్తలో తుపాను కథ ఉంది కదా, నాలుగో అధ్యాయంలో. ఫాదరుగార్లంతా యేసు గాలిని గద్దించడం మీదే ప్రసంగిస్తారు. నాకేమో అంతకు ముందు సంగతే బుర్రలో తిరుగుతోంది. పడవలోకి నీళ్లు వస్తుంటే ఆయన వెనకవైపు తలగడ మీద పడుకుని నిద్రపోతున్నాడు. పొద్దుటి నుంచీ ఒడ్డున జనానికి బోధించి అలిసిపోయిన మనిషి నిద్ర అది. ఆ పడవలో చేపలవాళ్లూ ఉన్నారు, తుపాను వాళ్లకి కొత్తా? అయినా లేపారు. నేనూ లేపుతాననుకో.

ఈ గుడి చరిత్ర కూడా నెమ్మదైనదేం కాదు. జెస్యూట్లు కట్టిన మొదటి గుడి 1690లలో డచ్చివాళ్ల దాడిలో పోయింది. తర్వాతి కాలంలో కట్టినది 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేసినప్పుడు పోయింది. ఇప్పుడున్నది 1791 నాటిది. వీళ్ల గోడు ఇలా ఉంటే, 1748లో ఫ్రెంచి గవర్నరు డ్యూప్లే కాలంలో పక్కనే ఉన్న వేదపురీశ్వరుడి గుడిని పడగొట్టించింది మన క్రైస్తవులే. డ్యూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై డైరీలో ఉంది. ఆ రోజు ఆ గుడివాళ్ల మనశ్శాంతి ఎవరికి పట్టింది? ఈ ముక్క కూడా రాయకపోతే నాకు నిద్రపట్టదు.

చిట్టి

మంగళవారం రాత్రి

అమ్మా,

ఈ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించు. గెస్టుహౌసులో ఎదురుగదిలో ఒక రిటైర్డు ఫ్రెంచి లెక్చరరు ఉన్నారు. మాది యానాం అనగానే తెలుగు తెలిసిన ఫ్రెంచి ఫాదరు కథ మొదలుపెట్టారు. గాస్తోన్ కేర్దూ అని జెస్యూటు. 1691లో పుట్టి, 1732లో ఇటు వచ్చి, తెలుగు దేశంలో పనిచేశాడు. జెస్యూట్ల కర్నాటిక్ మిషన్‌కి పెద్దగా ఉన్నాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు రాశాడు. మన కోరమండలం తీరంలో బట్టల మీద అద్దకం ఎలా వేస్తారో, రంగు ఎలా నిలబెడతారో, ఆ పనివాళ్లలోనే బాప్తిస్మం తీసుకున్నవాళ్లని అడిగి తెలుసుకుని 1742లో పారిసుకి ఉత్తరం రాశాడు. ఊరుగాని ఊరి నుంచి ఉత్తరాలు రాయడంలో నాకు ఆయన పెద్ద దిక్కు!

1767లో ఈ పుదుచ్చేరి నుంచే పారిసులోని అకాడమీకి ఒక పెద్ద సంగతి రాశాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకీ చుట్టరికం ఉందని. దానం, దోనుం. విధవ, విదువా. ఇలా జాబితాలు. అక్కడివాళ్లు దాన్ని పక్కన పడేశారు, అచ్చయింది 1808లో. ఈలోగా 1786లో విలియం జోన్సు కలకత్తాలో అదే సంగతి చెప్పాడు, పేరంతా ఆయనకే వచ్చింది. ఇంకా ఉంది. హిందువుల ఆచారాల మీద అబ్బే దుబ్వా అనే ఫ్రెంచి ఫాదరు రాశాడని 1816లో ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకం లోకమంతా చదివింది కదా, అందులో చాలా భాగం కేర్దూ రాతే. ఆ విషయాన్ని సిల్వియా మ్యుర్ అనే పరిశోధకురాలు 1987లో బయటపెట్టింది. ఆయన పోయిన రెండు వందల ఏళ్లకి!

ఇక ఆయన బతుకు చూడు. 1761లో ఊరు కూలింది. 1773లో పోపు జెస్యూట్ల సంఘాన్నే రద్దు చేశాడు, అంటే తాను ఎవరికి చెందినవాడో ఆ ఇల్లే లేదు. 1778లో పట్టణం మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. మరుసటి ఏడు ఇక్కడే చనిపోయాడు. లోపల ఎలా ఉండేవాడో నాకేం తెలుసు? కానీ డెబ్బై అయిదేళ్ల వయసులో, కూలిన ఊరిలో కూర్చుని, దానం దోనుం అని వరసలు రాసుకుంటున్న మనిషికి పేరు మీద యావ ఉందని నేననుకోను. పొద్దున పూజ, తర్వాత రాత.

నా సంగతి నీకు తెలుసు. ఆరు నెలలు నేను కూర్చిన రిపోర్టు మీద ఇంకొకరి పేరు వేసుకుని పైవాళ్లకి చూపించారు. అప్పటి నుంచే నిద్ర చెడింది, బీపీ వచ్చింది. సరిపెట్టుకో, దేవుడు చూస్తున్నాడులే అన్నావు నువ్వు. నీ మీద కోపం వచ్చింది. క్రీస్తు ఇచ్చే శాంతి అంటే నోరు మూసుకోవడమేనని చెప్పేవాళ్లతో నాకు ఎప్పుడూ పడదు. కేర్దూ అడగలేదు, నిజమే, అప్పటికి చచ్చిపోయాడు మరి. ఆయన తరఫున ఆ పరిశోధకురాలు అడిగింది, అడగడమే న్యాయం.

చిట్టి

గురువారం

అమ్మా,

నువ్వు మొక్కుకున్న విల్లియనూరు వెళ్లొచ్చాను. ఊరికి పడమరగా, బస్సులో ఎంతో దూరం లేదు. 1877లో కట్టిన లూర్దు మాత గుడి, ఎదురుగా కోనేరు. లూర్దులో ఆ తల్లి కనిపించింది 1858లో. ఇరవై ఏళ్లు తిరక్కుండా ఇక్కడ గుడి! అన్ని మతాలవాళ్లూ కొవ్వొత్తులు పట్టుకుని వరసలో ఉన్నారు. నీ పేర ఒకటి, నాన్నగారి మోకాళ్ల పేర ఒకటి వెలిగించాను. కోనేటి నీళ్లు సీసాలో పట్టాను, అది లీకు కాకుండా మూతకి రబ్బరు బ్యాండు చుట్టాను.

వెనక్కొచ్చాక ఫోన్ తీసి మా మేనేజరుకి మెయిలు రాశాను. రిపోర్టులో ఏ భాగాలు నావో, ఏ తేదీన పంపానో, నా పేరు చేర్చమని. ఎనిమిది లైన్లు. కోపం కోసం వెతుక్కున్నాను, చేతికి దొరకలేదు. పంపేసి, భోజనం చేసి, పడుకుంటే తెల్లారింది. ఇంకా జవాబు రాలేదు.

హైదరాబాదులో మా ఇంటి దగ్గర గుడిలో పొద్దున ఆరింటికి పూజ ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ టైముకి మెయిళ్లు చూసేదాన్ని. వచ్చే వారం నుంచి అక్కడికి వెళ్తాను. రోజూ కుదురుతుందని మాటివ్వను, నెలాఖరుల్లో అస్సలు కుదరదు.

శనివారం చెన్నైలో బండి. ఇక్కడ చేపలు ఎండబెట్టి అమ్ముతున్నారు, నెత్తళ్లు కిలో కొన్నాను. బస్సులో పక్కవాళ్లు తిడతారేమో గానీ నాన్నగారికి ఇష్టమని తెస్తున్నాను. వంకాయ వేసి వండుతావుగా?

నీ చిట్టి