అంబాసిడరా? పద్మినీయా?



మీ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే, కార్ల గురించి వాళ్లకు మనకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. ఏ బండి ఎన్ని సీసీ, పికప్ ఎంత అని గడగడా చెప్పేస్తారు. ఈసారి వాళ్ల ముందు రెండు పాత కార్లు పెట్టి చూడండి: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని.

ముందు అంకెలు. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. చాలా ఏళ్లు నడిచిన పెట్రోలు మోడల్ ఇంజిను 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్. బరువు దాదాపు 1,100 కిలోలు, పొడవు 4.3 మీటర్లు. ముంబయి కుర్లాలో తయారైన పద్మినికి మూలం ఇటలీ ఫియట్ 1100. 1974లో పద్మిని అని పేరు మారినా మనవాళ్లు ఫియట్ అనే పిలిచారు. ఇంజిను 1089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్. బరువు 900 కిలోలకు కాస్త తక్కువ, పొడవు 3.9 మీటర్లు.

ఇప్పుడు పిల్లలతో ఒక లెక్క చేయించండి. టన్ను బరువుకు ఎన్ని హార్స్‌పవర్లో చూడమనండి. రెండింటికీ 45కు అటూఇటూగా వస్తుంది. పెద్ద ఇంజిను ఉంది కాబట్టి అంబాసిడరే గొప్ప అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.

మరి మా వైపు టాక్సీవాళ్లు అంబాసిడర్‌నే ఎందుకు కోరుకునేవారు? మా నాన్న సుమ్మాదేవి నుంచి టాక్సీ నడిపేవారు. ఆయనది డీజిల్ అంబాసిడర్. దాని శక్తి పద్మిని కంటే కూడా తక్కువే. కానీ ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడినవాళ్లను విశాఖ కేజీహెచ్‌కు తీసుకెళ్లాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. "స్పీడెంతని కాదురా, ఎనక సీట్లో మనిషి పడుకోగలడా నేదా, అదీ సూడాల" అనేవారు. డయాలసిస్ ఒక్కసారితో తీరే ప్రయాణం కాదు. చవకగా దొరికే డీజిలు రోగి ఇంటివాళ్లకు పెద్ద ఊరట. సొంతంగా నడుపుకుంటూ పలాస బజారు సందుల్లో తిరిగేవాళ్లకు మాత్రం చిన్నదైన పద్మినే సుఖం.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పలాసలోనే 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అవసరం మారితే సరైన బండి కూడా మారుతుంది.

ఈ ఆదివారం పిల్లల చేత రెండు కార్ల పట్టిక రాయించండి. సీసీ, బరువు, పొడవు పక్కన మరో గడి గీయమనండి: 'ఎవరికి, ఏ పనికి?' రేపు ఫోను కొనేటప్పుడైనా, పై చదువుకు గ్రూపు ఎంచుకునేటప్పుడైనా వాళ్లు ముందు ఆ గడి నింపుతారు. పక్కింటి పిల్లల మార్కులతో మన పిల్లల మార్కులు పోల్చబోయే ముందు మనమూ ఒకసారి ఆ గడి నింపి చూసుకుందాం.