నాన్న కోసం ఒక చైనీస్ మాట

వీడియో కాల్‌లో నాన్న వెనక్కి తూలి కుర్చీలో కూలబడగానే నా గుండె జారిపోయింది. తప్పు నాన్నది కాదు, నేను చేసిన అనువాదానిది.

నేను సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రోజంతా స్క్రీన్ ముందే. రెండేళ్ల క్రితం మెడ పట్టేసి, తల తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద పొద్దున్నే కొంతమంది పెద్దవాళ్లు తాయ్ చీ చేస్తుంటారు. ఓ రోజు వెళ్లి వెనక వరుసలో నిలబడ్డా. నేర్పే అంకుల్‌కి డెబ్బై దాటాయి. ఇక్కడ కూడా పెద్దవాళ్లందరూ మనకి అంకుల్, ఆంటీలే. ఆయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, నాకు మాండరిన్ అంతకంటే తక్కువ.

ఆయన ఎక్కువగా వాడే మాట ఒక్కటే: 'సుంగ్'. నా భుజం మీద వేలు పెట్టి 'సుంగ్' అంటాడు. మోకాలు చూసి మళ్లీ 'సుంగ్'. ఆయన కాగితం మీద రాసిచ్చిన అక్షరాన్ని ఫోన్ కెమెరాతో చూస్తే 'పైన్ చెట్టు' అని వచ్చింది. ఓహో, చెట్టులా నిటారుగా నిలబడాలన్నమాట అనుకుని వారం రోజులు కర్రలా బిగుసుకుపోయి నిలబడ్డా. చివరికి ఓ ఆంటీ నవ్వి, 'రిలాక్స్, రిలాక్స్' అంది.

సరిగ్గా అప్పుడే ఒంగోలులో నాన్నకి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవట్లేదు. డాక్టర్ చెప్పిన వ్యాయామాలు బోర్ కొట్టి మానేశాడు. దాంతో నేను ఫోన్‌లో తాయ్ చీ మొదలుపెట్టించా. "ఒళ్లంతా వదిలెయ్ నాన్నా" అన్నా. పాపం, ఆయన నిజంగానే వదిలేశాడు. మోకాళ్లు ముడుచుకుపోయాయి. వెనక కుర్చీ ఉంది కాబట్టి సరిపోయింది. "ఆ చైనా చదువులు నువ్వే చదువుకో, మాకొద్దు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోడ్‌లో బగ్ వస్తే ఏం చేస్తాం? వెనక్కి వెళ్లి మొదట ఎక్కడ తప్పామో వెతుకుతాం. ఇదీ అలాగే వెతికా.

సింగపూర్‌లో గీతలు తగ్గించిన సరళ లిపి వాడతారు. అందులో 'సుంగ్'కీ, అదే ఉచ్చారణ ఉన్న పైన్ చెట్టుకీ ఒకే అక్షరం. పాత లిపిలో అలా కాదు. 'సుంగ్'లో కింద పైన్ చెట్టు ఉంటుంది గానీ అది ఉచ్చారణ కోసమే. పైన ఉండే భాగానికి అర్థం జుట్టు. అంటే బిగుతు లేకుండా వదులుగా ఉన్న జుట్టన్నమాట. నాకు అక్క గుర్తొచ్చింది. స్కూలు నుంచి రాగానే జడ విప్పేది. జడ విప్పితే జుట్టు సడలుతుంది, ఊడి కింద పడదు కదా!

ఇంకో పొరపాటు కూడా బయటపడింది. తాయ్ చీలో 'చీ' అంటే ప్రాణశక్తి అని ఆఫీసులో అందరికీ చెప్పాను. అసలు అది వేరే అక్షరం. తాయ్ చీలో ఉన్నది 'జీ', అంటే చిట్టచివరి హద్దు. మొదట్లో ఇంటికప్పు నడినెత్తిన ఉండే దూలాన్ని అలా అనేవాళ్లు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండూ ఒకేలా కనిపించి నన్ను బోల్తా కొట్టించాయి.

మర్నాడు అంకుల్‌కి జరిగింది చెప్పా. ఆయన నా చేతికి తన చెయ్యి ఆనించి మెల్లగా తోశాడు. నేను ఎదురు తోశా. "దింగ్" అన్నాడు. ఈసారి చెయ్యి వదిలేశా, వెంటనే నా ఛాతీ దాకా వచ్చేశాడు. "దియు" అన్నాడు. ఎదురు తోయడం దింగ్, పట్టు జారవిడవడం దియు. తాయ్ చీలో రెండూ తప్పులే. నేను నాన్నకి 'సుంగ్' పేరుతో నేర్పింది దియు!

ఈ మాట అర్థం కావడం చైనావాళ్లకీ తేలిక కాదు. యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) పెద్ద గురువు. ఆయన రోజూ ఇదే మాట పదే పదే చెప్పేవారని శిష్యుడు జెంగ్ మాన్‌చింగ్ రాసుకున్నారు. చైనీస్ వచ్చిన శిష్యుడికే అన్నిసార్లు చెప్పాల్సి వస్తే, నేను ఒక్క 'రిలాక్స్'తో పని కానిచ్చేశాను.

ఆదివారం అమ్మని బతిమాలి మళ్లీ కాల్ చేశా. ఈసారి తెలుగులో ఆలోచించుకుని వెళ్లా. "నాన్నా, వీళ్లకి బలానికి రెండు మాటలున్నాయి. 'లీ' అంటే కండబలం. 'జిన్' అంటే సాధనతో వచ్చే బలం. పాదం నుంచి నడుం మీదుగా చేతిలోకి వస్తుంది. మన ఒడుపు లాంటిది. ఒళ్లు సడలిస్తేనే అది వస్తుందట."

నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు, పవర్ స్టీరింగ్ లేని రోజుల నుంచీ.

"స్టీరింగ్ పట్టుకున్నట్టా?" అన్నాడు. "కొత్త డ్రైవర్లు భుజాలు బిగించి తిప్పేవాళ్లురా. సాయంత్రానికి చేతులు పడిపోయేవి. అలాగని వదిలేస్తే బండి కాలవలోకి పోతుంది. వేళ్లు దాని మీదే ఉండాలి, భుజం మాత్రం ఖాళీగా ఉండాలి. తిప్పేది నడుంతో. అదేగా మీ సుంగు?"

అదే. నేను నెలరోజులు వెతికిన అనువాదం ఆయన చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు నాన్న రోజూ పొద్దున పదిహేను నిమిషాలు చేస్తున్నాడు. వెనక కుర్చీ ఉండాల్సిందేనని అమ్మ రూలు. భుజం పూర్తిగా తగ్గలేదు గానీ చెయ్యి చెవి దాకా లేస్తోంది. డాక్టర్ చెప్పిన వ్యాయామాలు కూడా మళ్లీ మొదలెట్టాడు.

ఈ కథంతా అంకుల్‌కి చెప్పి, గాల్లో స్టీరింగ్ తిప్పి చూపించా. ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత నా భుజం మీద వేలు పెట్టి, ఎప్పట్లాగే, "సుంగ్" అన్నాడు.