సైకిలుకు దారి

నేటి ఉదయము హైదరాబాదు మెహిదీపట్నం కూడలిలో, క్యారియరుకు ఇరుప్రక్కల పాలక్యానులు వ్రేలాడగట్టుకొని, బస్సునకును కాలిబాట అంచునకును నడుమ మిగిలిన జానెడు చోటులో ఒంటికాలు నేలనూని నిలిచిన నడివయస్కుని చూచితిని.

వెనుకనుండి ఎడతెగని హారన్లు.

అవుటర్ రింగురోడ్డు ప్రక్కన 2023లో, సౌరఫలకముల నీడన, 23 కిలోమీటర్ల సైకిలు మార్గము ప్రారంభించిరి, హర్షింపదగినదే. కాని వ్యాయామార్థులకు అది ఎంత సుఖదాయకమైనను, పొట్టకూటికై నిత్యము సైకిలు త్రొక్కు పాలవానికి, వాచ్‌మనుకు, తాపీమేస్త్రీకి నగరమధ్యమున అట్టి రక్షితమార్గము అంతకన్న అత్యవసరము కదా!

రంగు గీత చాలదు, దానిపై కార్లు నిలుపుదురు. నడుమ గట్టు కావలెను. మెట్రో స్టేషన్ల చెంత తాళము వేసికొను స్టాండును కావలెను.

మీ పేటలో సైకిలుకు ఎచ్చట దారి చిక్కుట లేదు? వ్రాయుడు.